గిటార్ కొన్నాక మొదటి ఆరు నెలలు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కొన్న గిటార్లలో చాలావరకు నాలుగో సంవత్సరానికల్లా బీరువా పైకి చేరతాయి. "మనకు సంగీత జ్ఞానం లేదులే" అని కొన్నవాళ్లు సర్దిచెప్పుకుంటారు. చాలామంది విషయంలో అది నిజం కాదు. అడ్డుపడేవి సాధారణంగా రెండు. ఒకటి, తీగలు మరీ ఎత్తులో ఉండి వేళ్లను కోసేసే గిటార్. రెండు, పాట మధ్యలో పదేపదే ఆగిపోయే కుడిచేయి. మొదటిదాన్ని దుకాణంలోనే సరిచేయించుకోవచ్చు. రెండోది సాధనతో పోవాలి. కొత్తవాళ్లు తమ దృష్టినంతా ఎడమచేతి వేళ్ల మీదే పెడతారు కాబట్టి అది ఒక పట్టాన పోదు.

చిన్నప్పుడు సంగీతం మాస్టారి దగ్గర సరళి వరుసలు, జంట వరుసలు పాడి మానేసినవాళ్లకు ఇక్కడ కొన్నిచోట్ల పని సగానికి సగం తగ్గుతుంది. పాడనివాళ్లు కూడా ఇదే దారిలో రావచ్చు, కాస్త నెమ్మదిగా.

కొనేటప్పుడు

గిటార్లు ప్రధానంగా మూడు రకాలు: స్టీలు తీగల అకూస్టిక్, నైలాన్ తీగల క్లాసికల్, ఎలక్ట్రిక్. పాడుతూ వాయించుకోవాలన్నది మీ కోరికైతే స్టీలు తీగల అకూస్టిక్ తీసుకోండి. నైలాన్ తీగలు వేళ్లకు మెత్తగా ఉంటాయి కానీ ఆ గిటార్ మెడ వెడల్పు. తీగలు మొదలయ్యే చోట సుమారు 52 మిల్లీమీటర్లు ఉంటుంది, స్టీలు గిటార్‌కు 43 దాకా. చిన్న చేతులకు ఆ తేడా బాగా తెలుస్తుంది. "ముందు అకూస్టిక్ నేర్చుకుని తర్వాతే ఎలక్ట్రిక్ ముట్టుకోవాలి" అనే మాటను మాత్రం పట్టించుకోకండి. ఎలక్ట్రిక్ తీగలు సన్నం, నొక్కడం తేలిక. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అపార్టుమెంటులో పక్కవాటా వాళ్లతో గొడవ కూడా ఉండదు. ఆంప్లిఫయర్ ఖర్చు అదనం, అంతే.

మొదటి గిటార్‌కు 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పెడితే చాలు. రెండు మూడు వేలకు వచ్చేవాటిలోనూ మంచివి తగలవచ్చు గానీ వాటిని పరీక్షించి ఏరుకోవాలి, కొత్తవాళ్లకు అది కష్టం. యమహా, ఫెండర్, కేడెన్స్, వాల్ట్, గివ్సన్ లాంటి పేర్లు దుకాణంలో వినిపిస్తాయి. పేరు చూసి కాదు, ఆ ఒక్క గిటార్‌ను చేతిలోకి తీసుకుని చూసి కొనండి. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు రెండు రకాలుగా ఉండటం మామూలే.

వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న స్కేలు పెట్టుకోండి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను, వాటి మధ్య గడులను ఫ్రెట్లు అంటారు. తల వైపు నుంచి లెక్కపెట్టి పన్నెండో ఫ్రెట్ దగ్గర, అన్నిటికన్నా లావు తీగకూ కింద ఉన్న లోహపు కడ్డీకీ మధ్య ఖాళీ కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే హాయి. మూడున్నర దాటితే దాన్ని అలాగే ఇంటికి తేవద్దు. "సెటప్ చేసి ఇవ్వండి" అని అడగండి. తీగలు ఆనే తెల్లటి పలకను కింది వైపు కాస్త అరగదీస్తారు. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గుతుంది. మెడలో ఉండే ఇనుప కడ్డీని కూడా అవసరమైతే బిగించి మెడ వంపు సరిచేస్తారు. ఇది పెద్ద పని కాదు. కానీ ఈ చిన్న పని చేయించుకోనందువల్ల గిటార్ మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

తర్వాత ఒక్కో తీగనూ ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటుతూ పోండి. ఎక్కడైనా జర్రున చప్పుడు వస్తే షాపువాళ్లకు చూపించండి. మెడను కంటికి ఎదురుగా పెట్టుకుని తల వైపు నుంచి చూస్తే పక్కకు మెలితిరిగి ఉన్నది తెలిసిపోతుంది. మెలిక ఉన్నదాన్ని ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. తీగల విషయంలో "టెన్ సెట్" అడిగి వేయించుకోండి. సన్నతీగ మందం అంగుళంలో వెయ్యోవంతులు పది అని దాని అర్థం. గిటార్‌తో వచ్చేది చాలాసార్లు అంతకంటే లావు సెట్టు ఉంటుంది.

గిటార్‌తోపాటు శ్రుతి చూపించే ఒక క్లిప్ ట్యూనర్, తీగలు మీటే పల్చటి పిక్‌లు మూడు నాలుగు, మెడకు బిగించి శ్రుతి పెంచే ఒక కేపో, ఒక సంచీ కొనండి. పిక్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మందంలో ఉంటే కొత్త చేతికి బాగుంటుంది. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఎడమచేతి వాటం వాళ్లకు ఒక మాట. వాళ్ల కోసం తిప్పి చేసిన గిటార్లు ఉన్నాయి గానీ మన ఊళ్లలో అరుదు. ఇబ్బంది అనిపించకపోతే మామూలు గిటార్‌తోనే మొదలుపెట్టండి. ఎవరింటికి వెళ్లినా వాయించడానికి ఒకటి దొరుకుతుంది.

కూర్చునే తీరు

చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. గిటార్ అడుగుభాగం కుర్చీ చేతికి తగిలి, మీరు పక్కకు వాలాల్సి వస్తుంది. స్టూలో, భోజనాల బల్ల కుర్చీయో తీసుకోండి. గిటార్ నడుము వంపు కుడి తొడ మీద, వీపు భాగం మీ కడుపుకు ఆని, మెడ కాస్త పైకి లేచి ఉండాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మొదట సుఖంగానే ఉంటుంది, పది నిమిషాల్లో వీపు వంగిపోతుంది.

గిటార్ బరువును కుడి ముంజేయి మోయాలి. ఎడమచేయి తీసేసినా మెడ కిందికి జారకూడదు. జారుతోందంటే ఎడమచేతిని రెండు పనులకు వాడుతున్నారన్నమాట, అప్పుడు వేళ్లు స్వేచ్ఛగా కదలవు. తీగలు చూడాలని గిటార్ ముఖాన్ని పైకి తిప్పే అలవాటు అందరికీ వస్తుంది. మణికట్టు నొప్పికి అదే మొదటి కారణం. పక్క నుంచి తొంగి చూడటం అలవాటు చేసుకోండి.

శ్రుతి చేయడం

నేల వైపు ఉన్న సన్నతీగ ఒకటో తీగ, మీ ముఖానికి దగ్గరగా ఉన్న లావు తీగ ఆరోది. లావు తీగ నుంచి సన్నతీగ దాకా వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. వాటి కంపనాలు సెకనుకు సుమారు 82, 110, 147, 196, 247, 330. ట్యూనర్ ఈ లెక్క చూసుకుంటుంది, మీరు అక్షరం చూసుకుంటే చాలు. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి తేవాలి. పైకి పోయిందనుకోండి, బాగా దించి మళ్లీ బిగిస్తూ రండి. పై నుంచి దించి ఆపిన తీగ కాసేపటికి ఇంకాస్త జారుతుంది. తీగ తెగడానికి తరచూ కారణం, అప్పటికే సరైన చోటు దాటిపోయినా గమనించక ఇంకా బిగించడం. గట్టిగా అనిపిస్తే ఆపి, ఫోన్‌లో ఆ తీగ నాదం విని పోల్చుకోండి. కొత్త తీగలు మూడు నాలుగు రోజులు సాగుతూనే ఉంటాయి. గిటార్ పాడైందని కంగారు పడొద్దు.

ప్రతిసారీ వాయించే ముందు శ్రుతి చూసుకోవాలి. శ్రుతి తప్పిన గిటార్ మీద గంట సాధన చేస్తే చెవి కూడా చెడుతుంది.

ఇక్కడ మన సంగీతం తెలిసినవాళ్లకు ఒక ముచ్చట. ఏ ఫ్రెట్‌నూ నొక్కకుండా ఆరు తీగల్లో వచ్చే స్వరాలు ఐదే. వాటిలో జి తీగను షడ్జమం (స) అనుకుంటే స రి గ ప ధ, అంటే మోహన రాగం. ఇ తీగను షడ్జమం అనుకుంటే అవే ఐదు స్వరాలు స గ మ ప ని అయి శుద్ధధన్యాసి అవుతాయి. షడ్జమాన్ని మార్చి అవే స్వరాల్లో వేరే రాగం చూపించే గ్రహభేదం గురించి పుస్తకంలో చదివి అర్థం కానివాళ్లకు ఇది చేతికే తెలుస్తుంది. వీణకు 24 మెట్లున్నట్టే గిటార్‌కు సాధారణంగా 20 దాకా ఫ్రెట్లుంటాయి. ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ సరిగ్గా సగమై తారస్థాయి వస్తుంది.

మొదటి రెండు వారాలు: సరళి వరుసలు

చాలా పాఠాలు మొదటి రోజే కార్డులతో, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడంతో, మొదలవుతాయి. నా సలహా వేరు. ముందు ఒక వారం, వీలైతే రెండు వారాలు ఒక్కో స్వరాన్ని శుభ్రంగా పలికించండి. వేళ్లకు ఫ్రెట్లు అలవాటవుతాయి, చెవి వెంటనే తప్పు పట్టుకుంటుంది.

నియమం ఒకటే: చూపుడు వేలు ఒకటో ఫ్రెట్‌కు, మధ్యవేలు రెండుకు, ఉంగరపు వేలు మూడుకు, చిటికెన వేలు నాలుగుకు. వేలికొసతో నొక్కండి. ఫ్రెట్ల మధ్యలో కాదు, ముందున్న (గిటార్ డొల్ల వైపు) కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, దాని వెనక (తల వైపు). అక్కడ నొక్కితే సగం బలం చాలు.

మోహనం ఇలా వస్తుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ స. ఐదో తీగ ఊరికే మీటితే రి, రెండో ఫ్రెట్ గ. నాలుగో తీగ ఊరికే ప, రెండో ఫ్రెట్ ధ. మూడో తీగ ఊరికే పై స. మూడు స్వరాలే నొక్కాలి, మిగిలినవి ఖాళీ తీగలే. ఆరోహణ, అవరోహణ రెండు రోజుల్లో వచ్చేస్తాయి.

తర్వాత మాయామాళవగౌళ. ఐదో తీగ మూడో ఫ్రెట్ స, నాలుగో ఫ్రెట్ రి. నాలుగో తీగ రెండో ఫ్రెట్ గ, మూడో ఫ్రెట్ మ. మూడో తీగ ఊరికే ప, ఒకటో ఫ్రెట్ ధ. రెండో తీగ ఊరికే ని, ఒకటో ఫ్రెట్ పై స. నాలుగు వేళ్లకూ పని పడింది చూడండి. మీకు నోటికొచ్చిన సరళి వరుసలన్నీ ఇక్కడ వాయించవచ్చు. మెట్రోనోమ్‌ను (లయకు టిక్ టిక్‌మని దెబ్బలు వేసే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, దెబ్బకు ఒక స్వరంతో మొదటి కాలం, రెండేసి స్వరాలతో రెండో కాలం. మూడో కాలానికి తొందరపడొద్దు, అది మూడో నెలలో చూసుకోవచ్చు. వాయిస్తూ స్వరం పాడగలిగితే ఇంకా మంచిది. పిక్‌ను ఒకసారి కిందికి, ఒకసారి పైకి మార్చి మార్చి కదపండి.

మన గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) ఇందులో పలుకుతాయా అని కొందరు అడుగుతారు. అకూస్టిక్ స్టీలు తీగల మీద కష్టం, కానీ అసాధ్యమేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కచేరీలు చేసి మెప్పించారు, గిటార్ ప్రసన్న ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తారు. ఆ దారి మీకు నచ్చితే తర్వాత వెళ్లవచ్చు. ముందు స్వరం నిలకడగా రావాలి.

వేళ్ల నొప్పి

వస్తుంది. మొదటి వారం వేలికొసలు ఎర్రబడతాయి, చారలు పడతాయి. మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడి నొప్పి పోతుంది. కుడిచేతి వాటం వాళ్ల అదృష్టమేమిటంటే మంట పుట్టే చేయి ఎడమది, ఆవకాయ కలిపే చేయి కుడిది. స్నానం చేసిన వెంటనే, గిన్నెలు కడిగిన వెంటనే వాయించకండి, నానిన చర్మం త్వరగా తెగుతుంది. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలి. గోరు తీగకు ముందు చెక్కను తాకుతుంటే కార్డు ఎప్పటికీ శుభ్రంగా మోగదు.

చర్మం నొప్పి వేరు, కీళ్ల నొప్పి వేరు. మణికట్టులో, బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే ఆపేయండి. అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. కూర్చునే తీరైనా తప్పి ఉండాలి, అవసరానికి మించి నొక్కుతూనైనా ఉండాలి.

కార్డులు: ఆరు చాలు

మూడు, అంతకంటే ఎక్కువ స్వరాలు కలిసి ఒకేసారి మోగితే కార్డు. మొదటి మూడు నెలలకు ఇవి చాలు. చుక్కల బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి, మాటల్లో ఇలా.

ఇ మైనర్: ఐదు, నాలుగు తీగలు రెండో ఫ్రెట్‌లో. ఎ మైనర్: నాలుగు, మూడు తీగలు రెండో ఫ్రెట్‌లో, రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో. సి: ఐదో తీగ మూడులో, నాలుగో తీగ రెండులో, రెండో తీగ ఒకటిలో. జి: ఆరో తీగ మూడులో, ఐదో తీగ రెండులో, ఒకటో తీగ మూడులో. డి: మూడో తీగ రెండులో, రెండో తీగ మూడులో, ఒకటో తీగ రెండులో. ఇ మేజర్: ఐదు, నాలుగు తీగలు రెండులో, మూడో తీగ ఒకటిలో.

ఎ మైనర్, సి వాయించేటప్పుడు ఆరో తీగను వదిలేయాలి, డికి ఐదు, ఆరు రెండూ వదిలేయాలి.

కార్డు పట్టుకుని ఒక్కో తీగనూ విడిగా మీటి చూడండి. ఏదైనా తీగ మూగబోతే కారణాలు ఈ వరుసలో వెతకండి: పక్క వేలు ఆ తీగకు ఆనిందా, వేలు ఫ్రెట్‌కు దూరంగా ఉందా, చివరగా బలం చాలలేదా. కొత్తవాళ్లు నేరుగా మూడోదాని దగ్గరికి వెళ్లి చేయి నొప్పి తెచ్చుకుంటారు. పదిలో ఎనిమిదిసార్లు తప్పు మొదటిదే. వేలి చివరి కణుపును వంచి నిలబెడితే సరిపోతుంది.

అసలు పని కార్డు పట్టడం కాదు, ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం. అందుకని జతలుగా నేర్చుకోండి. ఎ మైనర్ నుంచి సికి వెళ్లడానికి ఒక్క ఉంగరపు వేలే కదలాలి, చూపుడు వేలు, మధ్యవేలు ఉన్నచోటే ఉంటాయి. ఇ మేజర్ ఆకారాన్ని అలాగే ఒక తీగ కిందికి జరిపితే ఎ మైనర్. జిలో రెండో తీగ మూడో ఫ్రెట్‌ను కూడా ఉంగరపు వేలితో నొక్కి, ఒకటో తీగను చిటికెన వేలికి అప్పగిస్తే, డికి వెళ్లేటప్పుడు ఉంగరపు వేలు కదలనక్కరలేదు. ప్రతి మార్పులోనూ ఏ వేలు కదలకుండా ఉండగలదో ముందు వెతకండి.

ఫోన్‌లో ఒక నిమిషం గడియారం పెట్టి, రెండు కార్డుల మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. మొదట పది పన్నెండు వస్తాయి. ముప్పై వచ్చేసరికి నెమ్మదైన పాటలకు ఆ జత సిద్ధమైనట్టే. అరవై వస్తే దాని గురించి ఇక ఆలోచించనక్కరలేదు.

కుడిచేయి

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

వినేవాళ్లు కార్డు తప్పును క్షమిస్తారు, చాలాసార్లు గమనించరు కూడా. లయ ఆగితే మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. కొత్తవాళ్లు కార్డు మారే చోట కుడిచేతిని ఆపి, ఎడమచేతి వేళ్లు కుదిరేదాకా నిరీక్షించి మళ్లీ మొదలుపెడతారు. అలా నెలలు గడిస్తే ఆగడమే అలవాటైపోతుంది.

దీనికి మందు మన తాళంలోనే ఉంది. త క ధి మి త క జొ ను అని నోటితో అంటూ, ఒక్కో అక్షరానికి చేతిని ఒకసారి కిందికి, ఒకసారి పైకి ఆడించండి. త కిందికి, క పైకి, ధి కిందికి, మి పైకి, మళ్లీ త కిందికి, క పైకి, జొ కిందికి, ను పైకి. మోచేతి నుంచి కొద్దిగా, మణికట్టు నుంచి ఎక్కువగా కదలాలి. చేయి లోలకంలా ఊగుతూనే ఉండాలి, తీగలను తాకినా తాకకపోయినా.

మొదట ఎడమచేతిని తీగల మీద వదులుగా ఆనించి, స్వరం రాకుండా టకటక శబ్దం మాత్రమే వచ్చేలా ఎనిమిది అక్షరాలూ కొట్టండి. ఐదు నిమిషాల తర్వాత మొదటి క దగ్గర, రెండో త దగ్గర తీగలను తాకకుండా చేతిని గాలిలో పోనివ్వండి. మిగిలిన ఆరు అక్షరాలకు కొట్టండి. అలా వచ్చేదే గిటార్ పాఠాల్లో అందరూ మొదట నేర్పే రిథమ్: కింద, కింద పైన, పైన కింద పైన. అంకెలు లెక్కపెట్టి నేర్చుకుంటే వారం పట్టేది, నోటితో జతి అంటూ చేస్తే ఒక్క పూటలో పట్టుబడుతుంది. తిశ్రగతి పాటలకు త కి ట త కి ట: త దగ్గర లావు తీగలను గట్టిగా, కి ట దగ్గర సన్న తీగలను మెల్లగా, మూడూ కిందికే.

ఇప్పుడు కార్డులు కలపండి. నిమిషానికి 60 వేగంలో ఒక ఆవృతం (ఆ ఎనిమిది అక్షరాలూ ఒకసారి) ఇ మైనర్, ఒక ఆవృతం సి. కిటుకు ఏమిటంటే చివరి ను దగ్గరే ఎడమచేతి వేళ్లను లేపేయాలి. ఆ ఒక్క అక్షరానికి ఖాళీ తీగలు మోగుతాయి, మోగనివ్వండి, పెద్ద కళాకారుల వాయిద్యంలోనూ మోగుతాయి. కొత్త కార్డు సమయానికి కుదరకపోతే కుదిరిన రెండు వేళ్లతోనే కొట్టండి. ఏ వేలూ కుదరకపోతే మూగ తీగలనే కొట్టండి. చేయి మాత్రం ఆగకూడదు.

మొదటి పాట, మీ శ్రుతి

మూడు కార్డులతో సాగే భజన పాటో, జోలపాటో ఎంచుకోండి. మీకెంతో ఇష్టమైన సినిమా పాట సాధారణంగా మొదటి పాటగా పనికిరాదు. అందులో కార్డులు ఎక్కువ, వేగం ఎక్కువ. శంకరాభరణం రాగం ఛాయలో ఉన్న బాణీలు తేలిగ్గా లొంగుతాయి. జి మీ షడ్జమం అయితే స దగ్గర జి, మ దగ్గర సి, ప దగ్గర డి. ఈ మూడింటితో చాలా పాటలు నడుస్తాయి. కాస్త దిగులుగా వినిపించే చోట ధ మీద ఇ మైనర్, రి మీద ఎ మైనర్ వేసి చూడండి. తోడి, శుభపంతువరాళి లాంటి రాగాల్లోని పాటలకు కార్డులు అతికించబోవద్దు, ఎంత వెతికినా అతకవు.

ఇంటర్నెట్‌లో దొరికే తెలుగు పాటల కార్డుల్లో తప్పులు ఎక్కువ. పాటను కూనిరాగం తీసి, పల్లవి చివర ఎక్కడ ఆగి విశ్రాంతిగా అనిపిస్తుందో ఆ స్వరాన్ని ఆరో తీగ మీద వెతకండి. చాలాసార్లు అదే షడ్జమం. అది దొరికితే మిగతా కార్డులు ఏవై ఉండాలో మీరే ఊహించగలరు, రాసి ఉన్నవాటిలో తప్పు కూడా పట్టగలరు.

తర్వాతి సమస్య గొంతు. జిలో వాయిస్తే మీ గొంతు అందకపోవచ్చు. కేపో ఉన్నది అందుకే. గిటార్ వాళ్ల సి మనకు ఒకటి శ్రుతి. సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, జి షార్ప్ ఐదున్నర, ఎ ఆరు. మీది ఒకటిన్నర శ్రుతి అనుకోండి. సి షడ్జమంగా ఉండే కార్డులే పట్టుకుని కేపోను ఒకటో ఫ్రెట్‌లో బిగించండి. మీ అమ్మాయిది ఐదున్నర అయితే జి కార్డులు, కేపో ఒకటో ఫ్రెట్. ఆరు అయితే అవే జి కార్డులు, కేపో రెండో ఫ్రెట్. వేళ్ల ఆకారాలు మారవు, శ్రుతి మారుతుంది. కేపోను ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, దాని వెనక పెట్టాలి. పెట్టాక మళ్లీ ఒకసారి ట్యూనర్ చూసుకోవాలి.

పాడుతూ వాయించడం మొదట రాదు. ముందు కార్డులు కొడుతూ సాహిత్యాన్ని మాటలుగా చదవండి, తర్వాత కూనిరాగం, ఆ తర్వాత పాట.

రోజూ ఎంతసేపు

రోజుకు ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే ఇది మేలు, ఎందుకంటే వేలికొసల చర్మమూ కండరాల జ్ఞాపకమూ రోజువారీ సాధనతోనే నిలుస్తాయి. అందులో సగం సమయం కార్డు మార్పులకూ రిథమ్‌కూ ఇవ్వండి, కొంత సరళి వరుసలకు, చివర తప్పకుండా ఒక పాట. విసుగొచ్చిన రోజు పాట మాత్రమే వాయించండి. గిటార్‌ను సంచిలో పెట్టి మూలన దాచకండి, సంచి జిప్పు తీయాలన్న బద్ధకమే చాలాసార్లు సాధనను చంపుతుంది. ఎండ తగలని గోడకు కొక్కెం కొట్టించి తగిలించండి.

తప్పు వచ్చిన చోట పాటను మొదటి నుంచి ఎత్తుకోవడం అందరికీ ఉన్న జబ్బు. అలా చేస్తే పల్లవి బ్రహ్మాండంగా వస్తుంది, చరణం ఎప్పటికీ రాదు. తప్పిన ఆ రెండు కార్డులనే తీసుకుని, సగం వేగంలో, కుదిరేదాకా తిప్పి తిప్పి వాయించండి. తర్వాత మెట్రోనోమ్‌ను ఐదైదు చొప్పున పెంచండి.

రెండు మూడు నెలలు గడిచాక ఎదుగుదల ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నెలకొకసారి ఫోన్‌లో రికార్డు చేసి దాచుకుంటే, మొదటి నెల రికార్డింగ్ వినగానే ఆ అనుమానం పోతుంది. ఇదే సమయంలో ఎవరితోనైనా కలిసి వాయించండి. తబలా, కీబోర్డు, చివరికి చప్పట్లు కొట్టే తమ్ముడైనా సరే. ఎదుటివాళ్లు మీ కోసం ఆగరు కాబట్టి మీ కుడిచేయి కూడా ఆగదు.

గురువు కావాలా? ఫోన్ పాఠాలతో చాలా దూరం వెళ్లవచ్చు, కానీ మీ మణికట్టు ఎలా వంగిందో వీడియోకు కనబడదు. కనీసం మొదటి నెలలో రెండుసార్లు, ఆ తర్వాత అప్పుడప్పుడు తెలిసినవాళ్లకు చూపించండి. ట్రినిటీ, రాక్‌స్కూల్ వాళ్ల గ్రేడు పరీక్షలు మన దగ్గరా జరుగుతాయి. పరీక్ష ఉంటేనే పుస్తకం తీసే స్వభావం మీదైతే అవి పనికొస్తాయి. లేకపోతే వాటి జోలికి వెళ్లనక్కరలేదు.

ఎఫ్ అనే గోడ

నాలుగో నెలలో ఎఫ్ కార్డు ఎదురవుతుంది. చూపుడు వేలును ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కాలి. ఇక్కడ మానేసేవాళ్లు చాలామంది. నేరుగా దాని మీదికి వెళ్లకండి. మొదట నాలుగు తీగల చిన్న రూపం వాయించండి: నాలుగో తీగ మూడులో, మూడో తీగ రెండులో, రెండో తీగ ఒకటిలో, ఒకటో తీగ ఊరికే. కచ్చితమైన ఎఫ్ కాదు గానీ చాలా పాటల్లో బాగానే ఇముడుతుంది.

ఇలా వేలు అడ్డంగా పరిచే పూర్తి బారె కార్డును ఒకటో ఫ్రెట్‌లో కాకుండా ఐదో ఫ్రెట్‌లో నేర్చుకోండి. అక్కడ తీగ తేలిగ్గా వంగుతుంది, ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి. ఇ మేజర్ ఆకారాన్ని మిగిలిన మూడు వేళ్లతో పట్టి, చూపుడు వేలును ఐదో ఫ్రెట్‌లో పరిస్తే ఎ మేజర్ వస్తుంది. వేలిని కాస్త బొటనవేలి వైపు దొర్లించండి. అరచేతి వైపున్న మెత్తటి భాగంలో కణుపుల దగ్గర గుంటలుంటాయి, తీగలు వాటిలో పడి మూగబోతాయి. పక్కన ఉన్న ఎముక భాగం తీగలను సమంగా నొక్కుతుంది. బలం బొటనవేలి పిండడం వల్ల కాదు, మోచేతిని కొద్దిగా వెనక్కి లాగడం వల్ల వస్తుంది. ఐదో ఫ్రెట్‌లో శుభ్రంగా వచ్చాక వారానికొక ఫ్రెట్ చొప్పున కిందికి దిగండి. ఒకటో ఫ్రెట్ దగ్గరికి వచ్చినా ఇంకా మొరాయిస్తుంటే, తప్పు మీది కాకపోవచ్చు. తీగలు మొదలయ్యే చోట ఉన్న గాడులు లోతు చాలకపోతే అక్కడ నొక్కడం ఎవరికైనా కష్టమే. దుకాణంలో చూపించండి.

తీగలు, ఎండ, ఉప్పుగాలి

స్టీలు తీగలు ఆరూ కలిసి గిటార్‌ను అరవై డెబ్బై కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. అందుకే మే నెలలో తలుపులు వేసిన కారులో గిటార్ వదలకూడదు. వేడికి జిగురు మెత్తబడి, తీగలు కట్టిన చెక్కముక్క పైకి లేచిపోతుంది. అందుకే క్లాసికల్ గిటార్‌కు స్టీలు తీగలు ఎప్పుడూ వేయకూడదు, అది ఆ లాగుడుకు తట్టుకునేలా చేసినది కాదు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో ఒక్కో తీగనూ కిందివైపు కూడా తుడవండి. రోజూ వాయించేవాళ్లు రెండు మూడు నెలలకొకసారి సెట్టు మార్చాలి. వేలికి గరుకుగా తగిలినా, నల్లబడినా, ట్యూనర్ సరే అంటున్నా పైఫ్రెట్లలో అపశ్రుతి వినిపించినా తీగల ఆయువు తీరినట్టే. మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి, కొత్త చేతికి అదే సులువు. కుదురు (తల దగ్గర తీగను చుట్టే చిన్న కడ్డీ) చుట్టూ రెండు మూడు చుట్లు వచ్చేలా ఒక బెత్తెడు వదులు ఉంచుకుని బిగించాలి, చుట్లు ఒకదాని కింద ఒకటి దిగాలి. బిగించాక తీగను వేళ్లతో పట్టి మెల్లగా నాలుగైదుసార్లు లాగి మళ్లీ శ్రుతి చేస్తే త్వరగా నిలబడుతుంది. ఒకటో తీగను బిగించేటప్పుడు ముఖాన్ని దూరంగా పెట్టండి. మిగిలిపోయిన కొసలను కటింగ్ ప్లయర్‌తో కుదురుకు దగ్గరగా కత్తిరించి, ఆ ముక్కలన్నీ ఏరి కాగితంలో చుట్టి పారేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నేల మీద ఒక్కటీ మిగలకూడదు.